పెట్టె లేని పాత హెచ్‌ఓ నమూనా డీజిల్ ఇంజన్: ఎవరి తయారీ, డీసీసీకి మార్చవచ్చా?

పాతఇంజన్

అందరికీ నమస్కారం. ఒకరి నమూనా రైళ్ల సేకరణలోని సామగ్రిని గంపగుత్తగా కొన్నప్పుడు పట్టాలు, బోగీలతో పాటు ఒక డీజిల్ ఇంజన్ కూడా వచ్చింది. దానికి అట్టపెట్టె లేదు, కాగితాలు లేవు. అడుగుభాగాన తయారీదారు పేరు ఉండవలసిన చోట ఎవరో మందంగా నల్ల రంగు పూసేశారు. పై బాడీకి వేసిన నీలం, బూడిద రంగులు కూడా కుంచెతో వేసినవేనని గీతలను చూస్తే తెలిసిపోతోంది. మొత్తం 6 ఇరుసులు ఉన్నాయి. ముందు కప్లర్ (బోగీలను తగిలించే అమరిక) లోహంతో చేసినది, వెనుకది ప్లాస్టిక్ కొక్కెం. చేతిలోకి తీసుకుంటే మంచి బరువుంది. సాధారణ డీసీ కంట్రోలర్‌తో నడిపి చూస్తే నాబ్ సగానికి పైగా తిప్పే వరకు కదలదు, ఆ తరువాత ఒక్క కుదుపుతో ముందుకు దూకుతుంది, నడుస్తున్నంత సేపూ గరగరమంటుంది. ఇది ఏ అసలు ఇంజన్‌కు నమూనా, ఎవరు తయారు చేశారు, దీనిని డీసీసీకి (పట్టాల ద్వారానే డిజిటల్ ఆదేశాలు పంపి ఒక్కో ఇంజన్‌ను విడిగా నడిపే పద్ధతికి) మార్చడం శ్రమకు తగిన పనేనా అన్నవి నా సందేహాలు.

కొలబద్ద

రంగును, క్యాబ్ మీది అంకెలను ప్రస్తుతానికి పక్కన పెట్టండి. వాడిన ఇంజన్ విషయంలో అవి మునుపటి యజమాని అభిరుచిని మాత్రమే చెబుతాయి. మనకు ముందుగా కావలసినవి మూడు కొలతలు: పట్టాల లోపలి అంచుల మధ్య దూరం, ఒక చివరి కప్లర్ నుంచి మరో చివరి కప్లర్ వరకు ఇంజన్ పొడవు, ఒక్కొక్క ట్రక్కులో (ఇరుసులను మోసే చక్రాల చట్రంలో) మొదటి ఇరుసుకూ చివరి ఇరుసుకూ మధ్య దూరం. పైకప్పు మీద గుండ్రని ఫ్యాన్లు ఎన్ని ఉన్నాయో, అవి ఎటు చివర ఉన్నాయో కూడా చెప్పండి.

గేజ్ (పట్టాల మధ్య దూరం) ఒక్కదానితో స్కేలును నిర్ణయించలేము. 16.5 మి.మీ. పట్టాల మీద 1:87 నిష్పత్తిలోని హెచ్‌ఓ ఇంజన్లూ నడుస్తాయి, 1:76 నిష్పత్తిలోని బ్రిటిష్ ఓఓ ఇంజన్లూ నడుస్తాయి. 9 మి.మీ. అయితే ఎన్, 12 మి.మీ. అయితే చాలావరకు టీటీ, 6.5 మి.మీ. అయితే జెడ్ అనుకోవచ్చు. మీరు చెప్పిన బరువును బట్టి ఈ చిన్న స్కేళ్లు కావని అనిపిస్తోంది.

మధ్యపట్టా

కొలతలు తీసే ముందు ఇంజన్‌ను తిరగేసి, అడుగున రెండు ట్రక్కుల మధ్య గాని, ఒక ట్రక్కు కింద గాని పొడవైన లోహపు జారుడు పట్టీ ఉందేమో చూడండి. అది ఉంటే జర్మనీకి చెందిన మెర్క్లిన్ కంపెనీ పద్ధతిలో పట్టాల మధ్యనున్న బొడిపెల నుంచి కరెంటు తీసుకునే ఇంజన్ అయి ఉంటుంది. అటువంటి ఇంజన్ల చక్రాలకు ఎడమ కుడుల మధ్య ఇన్సులేషన్ ఉండదు కనుక, రెండు పట్టాల డీసీ లైను మీద పెట్టగానే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. మీది డీసీతో కదిలిందంటే ఆ అవకాశం దాదాపు లేనట్టే, అయినా చూసుకోవడం మంచిది. పాత మెర్క్లిన్ ఇంజన్లు 24 వోల్టుల పోటు ఇచ్చినప్పుడు దిశ మార్చుకునే ఏసీ రకానికి చెందినవి, వాటి మార్పు పద్ధతి పూర్తిగా వేరు.

పాతఇంజన్

జారుడు పట్టీ లేదు. మల్టీమీటర్‌తో చూస్తే ఒకే ఇరుసుకున్న ఎడమ, కుడి చక్రాల మధ్య కంటిన్యుటీ లేదు. గేజ్ 16.5 మి.మీ., పొడవు 240 మి.మీ.కి ఒక పిసరు అటూ ఇటూ. ఒక్కో ట్రక్కులో 3 ఇరుసులు, చివరి ఇరుసుల మధ్య దాదాపు 48 మి.మీ. పైకప్పు మీద వెనుక చివర వరుసగా 3 పెద్ద ఫ్యాన్లు ఉన్నాయి. ఇంకొక సంగతి, ముందూ వెనుకా బాడీ ముగిసిన తరువాత కూడా ఖాళీ అరుగులు చాలా పొడవుగా ఉన్నాయి.

కొలబద్ద

ఆ అరుగుల సంగతి చెప్పి మంచి పని చేశారు. 240 మి.మీ.ని 87తో గుణిస్తే 20.88 మీటర్లు. 76తో గుణిస్తే సుమారు 18.2 మీటర్లు, ఆ పొడవుకు ఈ వర్ణనతో సరిపోయే బ్రిటిష్ ఇంజన్ ఏదీ నాకు తోచడం లేదు. జనరల్ మోటార్స్ సంస్థకు చెందిన ఈఎండీ విభాగం 1972లో మొదలుపెట్టిన ఎస్‌డీ40-2 ఇంజన్ పొడవు 68 అడుగుల 10 అంగుళాలు, అంటే 20.98 మీటర్లు. దానిని 87తో భాగిస్తే 241 మి.మీ. వస్తుంది. మీ కొలతకూ దీనికీ ఉన్న తేడా కప్లర్ ఆడేంత తేడా మాత్రమే.

ఇందులో తికమకపడే చోటు ఒకటుంది. అంతకు ముందు వచ్చిన ఎస్‌డీ40కి కూడా 3,000 అశ్వశక్తి గల 16 సిలిండర్ల ఇంజనే, పైన 3 ఫ్యాన్లే. కానీ దాని పొడవు సుమారు 20 మీటర్లు, హెచ్‌ఓలో 230 మి.మీ. మాత్రమే. ఎస్‌డీ40-2లో కొత్త రకం ట్రక్కుల కోసం చట్రాన్ని దాదాపు ఒక మీటరు పొడిగించారు, పైనున్న హుడ్‌ను (యంత్రాన్ని కప్పే పొడవాటి గూడును) మాత్రం ఆ మేరకు పెంచలేదు, అందువల్ల రెండు చివరలా ఆ అరుగులు ఏర్పడ్డాయి. దూరం నుంచి చూసి ఈ ఇంజన్‌ను గుర్తుపట్టేవారు చాలామంది వాటిని చూసే గుర్తుపడతారు. ఒక్కో ట్రక్కులో చివరి ఇరుసుల మధ్య అసలు దూరం 13 అడుగుల 7 అంగుళాలు, హెచ్‌ఓలో 47.5 మి.మీ. మీరు చెప్పిన 48తో అదీ కలిసింది.

అసలు ఇంజన్ ఏదో తేలింది గాని తయారీదారు తేలలేదు. ఎస్‌డీ40-2ను హెచ్‌ఓలో చేసిన కంపెనీలు చాలా ఉన్నాయి. ఇక బాడీ విప్పక తప్పదు.

గేరుపెట్టె

విప్పే ముందు ఒక మాట. బాడీని పట్టుకుని పైకి లాగకండి. కొన్నింటిలో కప్లర్ పెట్టెలే బాడీని పట్టి ఉంచుతాయి, ముందు వాటిని తీయాలి. కొన్నింటిలో ఇంధన ట్యాంకు దగ్గర గాని, ట్రక్కు పైభాగాన గాని స్క్రూ ఉంటుంది. ఏ స్క్రూ కనబడకపోతే బాడీ లోపలి గోడల మీదున్న బొడిపెలు చట్రానికి తగులుకుని ఉన్నాయన్నమాట. పక్కలను రెండు గోళ్లతో కొద్దిగా ఎడం చేస్తూ ఒక చివర నుంచి ఊడదీయాలి. చేతికడ్డీలు వైరువి అయితే అవి బాడీకి గుచ్చి ఉన్నాయో చట్రానికి గుచ్చి ఉన్నాయో ముందే చూసుకోండి.

లోపల నేను చూడమనేది మోటారు ఎక్కడ ఉందన్నది. పాత చవక ఇంజన్లలో అప్పడంలా చదునైన మోటారు ఒక ట్రక్కులోనే ఇమిడి ఉంటుంది. రెండో ట్రక్కు ఊరకే దొర్లుతుంది, చాలావాటిలో కరెంటు కూడా ఒక ట్రక్కు నుంచి ఒక పట్టా, మరో ట్రక్కు నుంచి మరో పట్టా చొప్పున అరకొరగా అందుతుంది. అటువంటి దానికి డీకోడర్ (డీసీసీ ఆదేశాలను చదివి మోటారును నడిపే చిన్న బోర్డు) పెట్టవచ్చు గాని, పెట్టిన డబ్బుకు తగిన నడక రాదని నా అభిప్రాయం. మోటారు నడుమ ఉండి, రెండు వైపులా షాఫ్టులు వెళ్లి, అన్ని ఇరుసులకూ గేర్లుంటే కష్టపడటంలో అర్థం ఉంది. మూడో రకంలో చట్రమే నిలువునా రెండు ముక్కలుగా ఉండి, ఒక్కో ముక్క ఒక్కో పట్టా కరెంటును మోస్తుంది. అందులో డీకోడర్‌కు చోటు చేయడానికి లోహాన్ని కోయవలసి రావచ్చు.

చట్రాన్ని భూతద్దంతో చూడండి. పోత లోహంలో సన్నని పగుళ్లు, పొక్కులు, వంకర కనిపిస్తే అది జింక్ పెస్ట్. జింక్ మిశ్రమంలో సీసం వంటి మలినాలు చేరడం వల్ల లోహం లోపలి నుంచే విచ్చుకుపోతుంది, దానికి మందు లేదు. అలా ఉంటే ఖర్చు అక్కడితో ఆపేయండి.

పాతఇంజన్

విప్పాను. స్క్రూలు లేవు, మీరన్నట్టు పక్కల బొడిపెలే. లోపల బూడిద రంగు పోత లోహపు చట్రం ఒకే ముక్కగా ఉంది, పగుళ్లు లేవు. నడుమ పెద్ద మోటారు, దాని పక్కలు తెరిచి ఉండి తీగ చుట్లు కనబడుతున్నాయి. రెండు చివరలా ఇత్తడి ఫ్లైవీళ్లు (నడకను నిలకడగా ఉంచే బరువైన చక్రాలు), వాటి నుంచి ప్లాస్టిక్ షాఫ్టులు రెండు ట్రక్కుల మీదున్న గేరు గూళ్లలోకి వెళుతున్నాయి. మోటారు పైన ఒక ఉక్కు బద్దీ ముందు నుంచి వెనుక దాకా సాగి, ట్రక్కుల నుంచి పైకి లేచిన రేకులను ఊరకే తాకుతూ ఉంది, ఎక్కడా సోల్డర్ లేదు. ముందు ఒక చిన్న బల్బును క్లిప్పుతో బిగించారు. కమ్యుటేటర్ (మోటారులో బ్రష్‌లు తాకే తిరిగే భాగం) 5 ముక్కలుగా ఉంది. గ్రీజు గోధుమ రంగుకు తిరిగి జిగురులా గట్టిపడింది. చక్రాలు మాత్రం కొత్తవాటిలా మెరుస్తున్నాయి.

గేరుపెట్టె

ఆ ఉక్కు బద్దీతో సందేహం తీరింది. ఇది అమెరికాకు చెందిన ఎథర్న్ కంపెనీ దశాబ్దాల పాటు వాడిన యంత్రాంగం, ఆ ఇంజన్లు వచ్చిన పెట్టెల రంగును బట్టి దీనిని బ్లూబాక్స్ రకం అంటారు. ఒక పట్టా కరెంటు ట్రక్కుల ద్వారా నేరుగా చట్రంలోకి వస్తుంది, రెండోది ఆ రేకుల మీదుగా బద్దీలోకి వెళ్లి మోటారు పై బ్రష్‌కు (తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ ముక్కకు) చేరుతుంది. మోటారు కింది బ్రష్ క్లిప్పుకున్న కొమ్ములు చట్రాన్ని తాకి సర్క్యూట్‌ను పూర్తి చేస్తాయి. తీగే లేకుండా తయారైన ఇంజన్ అన్నమాట. ఈ పొందికను తరువాత ఇతర కంపెనీలు కూడా దగ్గరగా అనుకరించాయి కనుక నూటికి నూరు శాతం అనను, కానీ బద్దీ, తెరిచిన మోటారు, చట్రానికి ఆనిన బ్రష్ మూడూ ఒకేచోట ఉంటే నేను వేరే పేరు వెతకను.

మెరిసే చక్రాలు ఈ రకానికి సహజం కాదు. పాత బ్లూబాక్స్ చక్రాలు లోహపు పొడిని అదిమి చేసినవి, బూడిద రంగులో కాస్త గరుకుగా ఉండి మురికిని త్వరగా పట్టుకుంటాయి. మీ మునుపటి యజమాని నికెల్ సిల్వర్ చక్రాలు వేశారు. ముందు కప్లర్ కేడీ రకం లోహపు కప్లర్ అయి ఉంటుంది, అదీ ఆయన మార్చినదే. వెనుకనున్న ప్లాస్టిక్ కొక్కెం అమెరికా హెచ్‌ఓ ఇంజన్లతో 1990ల వరకు మామూలుగా వచ్చిన హార్న్‌హుక్. అంటే ఎవరో బాగు చేయడం మొదలుపెట్టి నడిమధ్యన వదిలేసిన ఇంజన్ మీకు దొరికింది. నా దృష్టిలో ఇది మంచి బేరమే, చక్రాల పని మీకు తప్పింది.

సోల్డర్‌పొగ

గుర్తింపు ముగిసింది కాబట్టి మార్పు సంగతికి వద్దాం. డీకోడర్ కొనే ఆలోచన ఇప్పుడే వద్దు. డీసీ మీద చక్కగా నడవని ఇంజన్ డీసీసీ మీద కూడా చక్కగా నడవదు, పైగా లోపం యంత్రంలో ఉందో డీకోడర్‌లో ఉందో తెలియక రెట్టింపు తిప్పలవుతుంది.

ట్రక్కులను విప్పి, గట్టిపడిన గ్రీజును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పూర్తిగా కడిగి ఆరబెట్టండి. ఆల్కహాల్ బాడీ మీది రంగుకు తగలనివ్వకండి, కొన్ని రంగులను అది ఊడదీస్తుంది. కమ్యుటేటర్‌ను అదే ఆల్కహాల్‌లో తడిపిన దూదిపుల్లతో తుడిచి, ముక్కల మధ్య సందుల్లో పేరుకున్న కార్బన్ పొడిని చెక్క పుల్ల మొనతో గీకి తీయండి. బ్రష్ క్లిప్పును ఎత్తేటప్పుడు దాని మీద వేలు ఆనించే ఉంచాలి, కింద ఉన్న సన్నని స్ప్రింగ్ ఎగిరిందంటే మళ్లీ దొరకదు. ఆర్మేచర్‌ను (తీగ చుట్లతో తిరిగే భాగాన్ని) మాత్రం మోటారు నుంచి బయటికి తీయకండి. పాత అయస్కాంతాలు కొన్ని ఆర్మేచర్ లేకుండా ఉంటే బలం కోల్పోతాయి, ఆ తరువాత మోటారు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది.

తిరిగి బిగించేటప్పుడు గేర్లకు ప్లాస్టిక్‌కు హాని చేయని తేలిక గ్రీజు చాలా కొద్దిగా, బేరింగులకు ఒక్కొక్క చుక్క నూనె, అంతకు మించి వద్దు. తుప్పు వదిలించే స్ప్రేలు కందెన పని చేయవు. అప్పుడు 12 వోల్టుల మీద మీటరును వరుసలో పెట్టి రెండు కొలతలు తీయండి: చక్రాలు స్వేచ్ఛగా తిరుగుతున్నప్పుడు ఎన్ని ఆంపియర్లు, ఇంజన్‌ను పట్టాలకు అదిమి చక్రాలను ఆపినప్పుడు ఎన్ని ఆంపియర్లు. రెండోది ఒకటి రెండు క్షణాల కంటే ఎక్కువ సేపు పట్టి ఉంచకూడదు.

పట్టాలమీద

గరగర తగ్గడానికి పాత పద్ధతి ఒకటుంది. గేరు గూళ్లలో టూత్‌పేస్టు వేసి కాసేపు నడిపితే పళ్ల అంచులు నునుపుబడతాయి, తరువాత కడిగేయాలి. నా పాత ఇంజన్లకు అది బాగా పనిచేసింది.

గేరుపెట్టె

పనిచేస్తుందన్నది నిజమే, కానీ నేను సిఫారసు చేయను. టూత్‌పేస్టులోని గరుకు పొడి బేరింగులలోకి వెళితే కడిగినా పూర్తిగా పోదు, అరుగుదల ఆగదు. ఈ రకం ఇంజన్లలో గరగరకు ఎక్కువసార్లు కారణం గేరు పళ్లు కావు, వర్మ్ గేరు (మరచుట్ల గేరు) షాఫ్టు ముందుకూ వెనక్కూ ఎక్కువగా జరుగుతూ ఉండటం. షాఫ్టు చివర సన్నని వాషర్ ఒకటి చేర్చి ఆ ఆటను తగ్గిస్తే సగం చప్పుడు పోతుంది. పూర్తిగా బిగించకూడదు, వేలితో కదిపితే కొంచెం కదలాలి.

పాతఇంజన్

కడగడం పూర్తయింది. వాషర్లు కూడా వేశాను, గరగర చాలావరకు పోయింది. శుభ్రం చేయక ముందు ఖాళీగా తిరిగేటప్పుడు 0.9 ఆంపియర్లు లాగిన మోటారు ఇప్పుడు 0.45 లాగుతోంది. చక్రాలను ఆపినప్పుడు 1.6 ఆంపియర్లు చూపింది. నాబ్ పావు వంతు తిప్పగానే కదులుతోంది. అయితే గరగర పోయాక దాని కింద దాగిన మరో చప్పుడు బయటపడింది. వెనుక ట్రక్కు నుంచి చక్రం ఒక్కో చుట్టుకు ఒకసారి టక్కుమంటోంది, ఆ క్షణంలో ఇంజన్ కొద్దిగా ఎగిరినట్టు కూడా అనిపిస్తోంది.

గేరుపెట్టె

చుట్టుకు ఒక్కసారి అంటే ఇరుసు గేరు చీలి ఉంటుంది. ఈ ఇంజన్లో ఇరుసు ఒకే కడ్డీ కాదు. రెండు చక్రాల పొట్టి ఇరుసులు ప్లాస్టిక్ గేరుకు రెండు వైపుల నుంచి బిగుతుగా గుచ్చి ఉంటాయి, ఎడమ కుడుల మధ్య ఇన్సులేషన్ ఇచ్చేది కూడా ఆ గేరే. ప్లాస్టిక్ ఎండే కొద్దీ ఆ బిగువుకు పళ్ల మధ్య లోయలో పగులు వస్తుంది, అక్కడ రెండు పళ్ల మధ్య ఎడం వెంట్రుకవాసి పెరుగుతుంది, చుట్టుకు ఒకసారి తగిలే దెబ్బ అదే. అడుగున ఉన్న మూత తీసి మూడు ఇరుసులనూ బయటికి తీసి, వెలుతురుకు అడ్డం పెట్టి గేరును తిప్పుతూ చూడండి.

జిగురుతో అతికించవద్దు. లోపలి నుంచి ఇరుసు ఒత్తుతూనే ఉంటుంది కనుక అది మళ్లీ విడిపోతుంది. కొత్త గేరు తెచ్చి వేయండి, ఈ రకానికి విడి గేర్లు దొరుకుతాయి. ఒకటి చీలిందంటే అదే వయసున్న మిగిలిన 5 కూడా అదే దారిలో ఉన్నట్టే, వీలుంటే అన్నీ ఒకేసారి మార్చండి. బిగించాక చక్రాల వెనుక ముఖాల మధ్య దూరం కొలవాలి, హెచ్‌ఓలో అది 14.4 మి.మీ. దరిదాపుల్లో ఉండాలి. ఎన్ఎంఆర్ఏ (అమెరికాలోని నమూనా రైళ్ల అభిరుచిపరుల సంఘం) వారి గేజ్ రేకు ఉంటే అంకెలతో పని లేకుండా నేరుగా ఆనించి చూసుకోవచ్చు.

నిదానం

ఒక భిన్నాభిప్రాయం. ఆగినప్పుడు 1.6 ఆంపియర్లు లాగే మోటారుకు ఇంత శ్రమ ఎందుకు? దానిని తీసేసి మూసి ఉన్న కొత్త క్యాన్ మోటారు వేస్తే, ఖాళీగా తిరిగేటప్పుడు 0.1 లేదా 0.2 ఆంపియర్లతో నడుస్తుంది, నెమ్మది వేగంలో పాకినట్టు కదులుతుంది, చట్రం నుంచి విడదీసే గొడవ కూడా ఉండదు. ఏ డీకోడరైనా సరిపోతుంది.

సోల్డర్‌పొగ

నిదానం గారి మాటలో నిజం ఉంది, కానీ మోటారు మార్చడమంటే మోటారు ఒక్కటే మార్చడం కాదు. కొత్త మోటారు షాఫ్టు మందం పాత ఫ్లైవీళ్ల రంధ్రాలకు సరిపోవాలి, షాఫ్టు ఎత్తు ట్రక్కుల గేరు గూళ్లతో ఒకే గీతలో ఉండాలి, కూర్చోబెట్టడానికి చట్రంలో కొత్త ఆధారం చేయాలి. గీత ఒక మిల్లీమీటరు తప్పినా మళ్లీ ఆ గరగరే మొదలవుతుంది. మామూలు హెచ్‌ఓ డీకోడర్లు నిరంతరంగా 1 ఆంపియర్, క్షణకాలం 2 ఆంపియర్ల వరకు తట్టుకునేలా ఉంటాయి. పాతఇంజన్ గారి 1.6 ఆ హద్దు లోపలే ఉంది. ఈ మోటారు మీద మొదట డీకోడర్ పెట్టి, నడక నచ్చకపోతే అప్పుడు మోటారు సంగతి ఆలోచించవచ్చు. కొలత 2 దాటి ఉంటే నేనూ నిదానం గారి పక్షమే.

ఇక ముఖ్యమైన పని, మోటారును చట్రం నుంచి విద్యుత్తు పరంగా విడదీయడం. డీసీసీలో మోటారు రెండు బ్రష్‌లూ డీకోడర్‌కు తప్ప మరి దేనికీ తగలకూడదు. కింది బ్రష్ చట్రానికి తగిలి ఉండగా పట్టాల మీద పెడితే డీకోడర్ ఆ క్షణంలోనే కాలిపోతుంది. మోటారును దాని రబ్బరు ఆధారాలతో సహా పైకి ఊడదీసి, కింది క్లిప్పుకున్న కొమ్ములను కత్తిరించి గాని మడిచి గాని చదును చేయండి. క్లిప్పును మోటారు నుంచి తీసి విడిగా పట్టుకుని నారింజ తీగను సోల్డర్ చేయండి, బిగించి ఉండగా వేడి చేస్తే బ్రష్ గూడు కరుగుతుంది. పై క్లిప్పుకు బూడిద రంగు తీగ. మోటారు కింద చట్రం మీద వేడికి కరగని ఇన్సులేషన్ టేపు ఒక వరుస పరవండి.

ఉక్కు బద్దీని తీసి పక్కన పెట్టండి. ట్రక్కుల రేకులకు మెత్తని తీగలు సోల్డర్ చేసి, రెండింటినీ కలిపి డీకోడర్‌కు ఇవ్వండి. అదే ఊపులో రెండో పట్టాకు కూడా చట్రాన్ని నమ్మకుండా ట్రక్కుల లోహం నుంచే తీగలు తీయండి, ట్రక్కు తిరిగే కీలు దగ్గర తుప్పు పట్టి కరెంటు తెగిపోవడం ఈ రకానికి పాత జబ్బు. ముందుకు సాగే దిశలో కుడి పట్టాకు ఎరుపు, ఎడమ పట్టాకు నలుపు. ఏ వైపు చట్రానికి వెళుతోందో ఊహించకుండా మీటరుతో చూసి నిర్ణయించండి.

డీకోడర్ బిగించే ముందు మీటరుతో చివరి పరీక్ష. నారింజ తీగ నుంచి చట్రానికి, ఎడమ చక్రానికి, కుడి చక్రానికి కంటిన్యుటీ ఉండకూడదు. బూడిద తీగ నుంచి కూడా అంతే. బాడీ తొడిగాక మరొకసారి చూడండి, ట్రక్కులను రెండు వైపులకూ పూర్తిగా తిప్పి ఇంకొకసారి చూడండి.

మధ్యపట్టా

దీపాల గురించి ఎవరూ అనలేదు. ఆ పాత బల్బు క్లిప్పు చట్రానికి ఆని ఉంటుంది, దానిని అలాగే ఉంచి డీకోడర్ తెల్ల తీగను తగిలిస్తే అదీ ప్రమాదమే. బల్బు తీసేసి ఎల్ఈడీ పెట్టండి. నీలం తీగ ఎల్ఈడీ పొడవు కాలుకు, తెల్ల తీగ 1,000 ఓమ్‌ల రెసిస్టర్ మీదుగా పొట్టి కాలుకు. వెనుక దీపానికి తెలుపు బదులు పసుపు తీగ. రెసిస్టర్ లేకుండా వెలిగించి చూద్దామని అనుకోకండి.

పాతఇంజన్

6 ఇరుసు గేర్లూ మార్చాను. విప్పి చూస్తే వెనుక ట్రక్కులోని రెండు గేర్లు చీలి ఉన్నాయి, ముందు ట్రక్కులో ఒకదానికి పగులు మొదలైంది. టక్కుమనే చప్పుడు పోయింది. మోటారును విడదీసి తీగలు పూర్తి చేశాను. మీటరు పరీక్షలో నారింజ తీగ అన్నిటికీ దూరంగానే ఉంది గాని, బూడిద తీగకూ చట్రానికీ మధ్య మీటరు కూత పెట్టింది. కారణం వెతికితే మధ్యపట్టా గారు చెప్పిన ఆ బల్బు క్లిప్పే, దాని మరో కొస మోటారు పై క్లిప్పును తాకుతోంది. తీసేశాక మీటరు మౌనంగా ఉంది. డీకోడర్‌ను ఎలా కూర్చోబెట్టాలి, ముందుగా ఏయే సీవీలు (డీకోడర్‌లో అమరికల విలువలు ఉండే గడులు) చూడాలి?

సోల్డర్‌పొగ

డీకోడర్‌ను టేపుతో చుట్టేయకండి, వేడి బయటికి పోవాలి. మోటారు పైన బద్దీ ఉండిన చోట రెండు వైపులా అంటుకునే మెత్తని టేపు ముక్క మీద కూర్చోబెట్టండి, తీగలు ఫ్లైవీల్‌కు తగలకుండా పక్కకు కట్టండి. మొదటిసారి ప్రధాన లైను మీద కాకుండా ప్రోగ్రామింగ్ ట్రాక్ (డీకోడర్ విలువలు చదివి మార్చడానికి విడిగా ఉంచే పట్టా) మీదనే పెట్టండి. అక్కడ కరెంటు పరిమితంగా ఉంటుంది కనుక తీగల్లో పొరపాటు ఉన్నా డీకోడర్ బతికే అవకాశం ఎక్కువ. సీవీ 8 చదివితే డీకోడర్ తయారీదారు సంఖ్య రావాలి. అది వచ్చిందంటే పట్టా, డీకోడర్, మోటారు మూడూ సరిగా కలిసినట్టే, ఎందుకంటే డీకోడర్ తన జవాబును మోటారుకు చిన్న పోటు ఇవ్వడం ద్వారానే పంపుతుంది.

కొలబద్ద

కొత్త డీకోడర్ చిరునామా 3గా ఉంటుంది, అది సీవీ 1లో ఉంటుంది. క్యాబ్ మీది నాలుగంకెల సంఖ్యనే చిరునామాగా పెట్టాలనుకుంటే అది సీవీ 17, 18లలోకి వెళుతుంది, ఆ లెక్కను కమాండ్ స్టేషనే (పట్టాలకు డీసీసీ ఆదేశాలు పంపే పరికరమే) చూసుకుంటుంది. సీవీ 29 మామూలుగా 6 ఉంటుంది: వేగపు మెట్లకు 2, డీసీ మీద కూడా నడిచే అనుమతికి 4. పొడవు చిరునామాకు 32 కలిపితే 38. మీ లైను పూర్తిగా డీసీసీ అయితే ఆ 4ను తీసేసి 34 ఉంచండి. డీసీ అనుమతి ఉన్న డీకోడర్లు కొన్నిసార్లు సిగ్నల్ చెదిరినప్పుడు డీసీ అనుకుని పూర్తి వేగంతో పరుగెడతాయి. ఇంజన్ వెనుకకు నడిస్తే తీగలు విప్పవద్దు, సీవీ 29కి 1 కలపండి. ఆ తరువాత దీపాలు తారుమారైతే మాత్రం నారింజ, బూడిద తీగలను మార్చడమే సరైన పద్ధతి.

పాత మోటారు కనుక సీవీ 2 విలువను ఇంజన్ మొదటి మెట్టు మీదనే కదిలే వరకు కొద్దికొద్దిగా పెంచండి. సీవీ 5తో గరిష్ఠ వేగాన్ని తగ్గించండి, బ్లూబాక్స్ ఇంజన్లు పూర్తి వోల్టేజీ మీద అసలు ఇంజన్ కలలో కూడా చూడని వేగంతో పోతాయి. సీవీ 3, 4లను చివరన ముట్టుకోండి. మొదటే వేగం పెరిగే, తగ్గే ఆలస్యాలు పెట్టుకుంటే నడకలోని లోపాలు కనబడవు.

పాతఇంజన్

సీవీ 8 వెంటనే చదివింది. పొడవు చిరునామా పెట్టాను, సీవీ 29 ఇప్పుడు 34. సీవీ 2ను పెంచుకుంటూ వచ్చాక 128 మెట్లలో రెండో మెట్టు మీదనే కదులుతోంది, స్లీపర్లను లెక్కపెట్టుకునేంత నెమ్మదిగా పోతోంది. ఆగి ఉన్నప్పుడు మోటారు నుంచి సన్నని సన్నాయి చప్పుడు వస్తోంది, అది మామూలేనా? మరొకటి, పాయింట్ల (పట్టాలు రెండుగా చీలే చోట్ల) మీద ప్లాస్టిక్ ముక్క దాటేటప్పుడు దీపం ఒక్కసారి మిణుకుమంటోంది, ఇంజన్ మాత్రం ఆగడం లేదు.

సోల్డర్‌పొగ

ఇంజన్ ఆగి ఉండి వేగం సున్నా మీద ఉన్నప్పుడు మోటారు నుంచి చప్పుడు రాకూడదు. మొదటి మెట్టు మీద ఉండి కదలకుండా కూత పెడుతుంటే సీవీ 2 ఇంకా తక్కువగా ఉన్నట్టు, ఒకటి రెండు విలువలు పెంచండి. సున్నా మీద కూడా వస్తుంటే మళ్లీ మీటరు తీయండి. నడుస్తున్నప్పుడు వచ్చే సన్నని కూత డీకోడర్ మోటారుకు కరెంటును ముక్కలుగా పంపే తరచుదనం వల్ల వస్తుంది, ఆ తరచుదనాన్ని పెంచే సీవీ ఏదో మీ డీకోడర్ కాగితంలో ఉంటుంది.

దీపం మిణుకు 12 చక్రాల ఇంజన్‌లో రాకూడదు. ఒక ట్రక్కు నుంచి ఒక వైపు కరెంటు అందడం లేదని నా అనుమానం. ముందు ట్రక్కును పట్టాల మీద ఉంచి వెనుక ట్రక్కు కింద కాగితం పెట్టి చూడండి, తరువాత తారుమారు చేయండి. ఏ అమరికలో దీపం ఆరిపోతే, కాగితం లేని ట్రక్కులో సోల్డర్ ఊడిందన్నమాట.

పాతఇంజన్

చప్పుడు మొదటి మెట్టు మీదే వస్తోంది, సీవీ 2ను రెండు విలువలు పెంచగానే పోయింది. కాగితం పరీక్షలో వెనుక ట్రక్కు దొరికిపోయింది, ఎడమ వైపు సోల్డర్ పైపైన అంటి ఉంది. రేకును గీకి మళ్లీ సోల్డర్ చేశాను, ఇప్పుడు పాయింట్ల మీద కూడా దీపం స్థిరంగా ఉంది. వెనుక హార్న్‌హుక్ తీసి, ముందున్నలాంటి లోహపు కప్లర్ పెట్టాను గాని వ్యాగన్ కప్లర్ కంటే అది కొంచెం కిందికి ఉంది.

కొలబద్ద

ముందు కప్లర్ పెట్టె మూత సరిగా బిగిసిందేమో చూడండి, ఈ చట్రాల మీద రేకు మూత వదులై కప్లర్ వాలడం తరచుగా జరుగుతుంది. మూత బిగువుగానే ఉంటే కప్లర్ కింద 0.25 మి.మీ. వాషర్ ఒకటి వేయండి. ఎత్తును వ్యాగన్‌తో పోల్చకండి, వ్యాగన్‌ది కూడా తప్పై ఉండవచ్చు. పట్టా మీద నిలబెట్టే కప్లర్ ఎత్తు గేజ్‌తో రెండింటినీ విడివిడిగా చూడండి. కప్లర్ కింద వేలాడే వంపు తీగ పట్టాకు తగలకూడదు, ఇంజన్ పూర్తిగా లోహపు చట్రం కనుక అది పాయింట్ల దగ్గర తగిలితే షార్ట్ అవుతుంది.